పికప్ బండికి స్టెప్నీ: ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి

మదనపల్లెలో టమాటా ఎత్తుకుని రాత్రికి రాత్రి చెన్నై చేరాల్సిన పికప్ అయినా, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలే పికప్ అయినా బరువులో ఎక్కువ భాగం మోసేవి వెనక చక్రాలే. స్టెప్నీతో పని పడేది కూడా చాలాసార్లు అక్కడే, అదీ నిండు లోడు మీద. కాబట్టి స్టెప్నీ కొనేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: బిగించిన మరుక్షణం నుంచి ఇది వెనక చక్రంగా నిండు బరువు మోయగలదా? మోయలేకపోతే దాన్ని బండి కింద వేలాడదీసుకుని తిరగడం దండగ.

మన బండ్లలో సాధారణంగా జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. నాలుగింటిలో బాగా అరిగిపోయిన టైరును తీసి, ఎలాగూ వాడేది కాదు కదా అని స్టెప్నీగా వేస్తారు. వాడవలసిన రోజు వచ్చినప్పుడు బండిలో టన్నున్నర సరుకు ఉంటుంది, సమయం అర్ధరాత్రి దాటి ఉంటుంది, దగ్గర్లో పంక్చరు షాపు ఉండదు. ఆ అరిగిన టైరు పది కిలోమీటర్లు పోకముందే పేలితే ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఈ అలవాటు మానుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

కార్లను చూసి పోల్చుకోకండి. కొన్ని కార్లకు సన్నని తాత్కాలిక స్టెప్నీ ఇస్తారు. గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని దాని మీదే రాసి ఉంటుంది. గాలి ఒత్తిడిని చూపే పరికరం, పంక్చరు కిట్టు ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని 2020లో కేంద్రం నిబంధన సడలించింది. సరుకు బండికి ఆ రెండు దారులూ పనికిరావు. మిగతా నాలుగింటితో సరిసమానమైన పూర్తి సైజు చక్రమే కావాలి.

మొదట మీ బండి ఏం అడుగుతోందో చదవండి

డ్రైవరు తలుపు తీయగానే కనిపించే పట్టీ మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో టైరు సైజు, ముందు వెనక చక్రాలకు పట్టాల్సిన గాలి రాసి ఉంటాయి. ప్రస్తుతం బండికి ఉన్న టైరును మాత్రమే చూసి కొనకండి, ముఖ్యంగా బండి సెకండ్ హ్యాండ్‌ది అయితే. ముందు వాడినవారు వేరే సైజు వేసి ఉండవచ్చు. బొలెరో పికప్‌లలోనే మోడల్‌ను బట్టి 215/75 ఆర్ 15, 7.00 ఆర్ 15 వంటి వేర్వేరు సైజులు వస్తాయి. రెండూ 15 అంగుళాల డిస్కువే (టైరు ఎక్కించే లోహపు చక్రం) అయినా ఒకదాని బదులు ఇంకొకటి కాదు.

215/75 ఆర్ 15 అన్నప్పుడు టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు. దాని పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, అంటే దాదాపు 161 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు అంచు నుంచి అంచుకు నేరుగా అడ్డంగా ఉండే రకం. 15 అనేది డిస్కు వ్యాసం, అంగుళాల్లో. పక్కగోడ పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి చక్రం మొత్తం ఎత్తు సుమారు 704 మిల్లీమీటర్లు. ఇప్పుడు దుకాణంలో 235/75 ఆర్ 15 ఉంది, ఇదీ సరిపోతుందని చెప్పారనుకోండి. దాని ఎత్తు లెక్క కడితే 734 వస్తుంది. మూడు సెంటీమీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ చిన్న చక్రం కిలోమీటరుకు దాదాపు 452 చుట్లు తిరిగితే పెద్దది 434 చుట్లే తిరుగుతుంది. వెనక ఇరుసుకు ఒకవైపు అది, మరోవైపు ఇది ఉంటే కిలోమీటరుకు 18 చుట్ల తేడాను మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) సర్దుకోవాలి. మలుపుల్లో కాసేపు చేయాల్సిన పనిని తిన్నని రోడ్డు మీద కూడా ఆగకుండా చేస్తూ వేడెక్కుతుంది. పైగా లోడు కూడా ఒక పక్కకు ఒరుగుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి అయితే, ఇలా వేరే ఎత్తున్న స్టెప్నీ వేసి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ అసలు వేయకూడదు.

అదే సైజులో కొత్త టైరుకు, కొంత అరిగిన టైరుకు మధ్య వచ్చే తేడా దీనికన్నా చాలా తక్కువ. పంక్చరు షాపు దాకా వెళ్లడానికి దానితో ఇబ్బంది లేదు.

బరువు లెక్క

పికప్ స్టెప్నీ విషయంలో ఎక్కువమంది చూడనిది ఇదే. సైజు ఒకటే అయినా కారు కోసం చేసిన టైరు వేరు, సరుకు బండి కోసం చేసిన టైరు వేరు. సైజు పక్కనే రెండు మూడు అంకెలు, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకెలు లోడ్ ఇండెక్స్. 108 అంటే ఒక టైరు 1,000 కిలోలు మోస్తుంది. 110 అయితే 1,060, 113 అయితే 1,150, 116 అయితే 1,250 కిలోలు. 113/111 లాగా రెండు అంకెలు ఉంటే, మొదటిది ఒక పక్కన ఒకే చక్రం ఉన్న బండికి, రెండోది జంట చక్రాల బండికి. మన పికప్‌లకు చూడవలసింది మొదటిదే. అంకెల పక్కన ఉన్న అక్షరం వేగానికి సంబంధించినది. ఎల్ అంటే గంటకు 120 కిలోమీటర్లు, ఎన్ అంటే 140.

ఒక ఉదాహరణ చూద్దాం. నిండు లోడుతో మీ బండి వెనక ఇరుసు మీద 2,200 కిలోలు పడుతోందనుకోండి. ఒక్కో చక్రానికి 1,100. లోడ్ ఇండెక్స్ 110 ఉన్న టైరు ఇక్కడ సరిపోదు, 113 కావాలి. పైగా సరుకు ఎప్పుడూ రెండు పక్కలా సమానంగా ఉండదు. సిమెంటు బస్తాలు కాస్త ఒక పక్కకు పడినా, రోడ్డు ఒక వైపు వాలుగా ఉన్నా ఆ పక్క చక్రం మీద ఇంకో వంద కిలోలు పడతాయి. అందుకని కంపెనీ చెప్పిన ఇండెక్స్‌కు తగ్గకుండా, వీలైతే ఒక మెట్టు పైది తీసుకోండి. ఈ బరువు కూడా టైరులో పూర్తి గాలి ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే మోసే శక్తి కూడా తగ్గుతుంది.

ప్లై రేటింగ్ అని 8, 10, 12 అంకెలు కూడా ఉంటాయి. ఇది ఎక్కువ ఉంటే టైరు ఎక్కువ గాలి పట్టి, ఎక్కువ బరువు మోస్తుంది. బండికి 12 ప్లై ఉంటే స్టెప్నీ కూడా 12 ప్లైయే ఉండాలి. నైలాన్ టైరు (దారాలు ఏటవాలుగా ఉండే రకం) చవకగా వస్తుంది కదా అని రేడియల్ టైర్ల బండికి అది స్టెప్నీగా కొనకండి. ఒకే ఇరుసు మీద ఈ రెండు రకాలూ కలిస్తే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిప్పినప్పుడు చెరో రకంగా ప్రవర్తిస్తాయి.

కొత్తదా, పాతదా?

కొత్తదే కొనమని చెప్పడం తేలిక. కానీ రోజు కిరాయి మీద నడిచే బండికి ఐదో టైరు కొత్తది కొనడం భారమే. దీనికి ఒక మంచి దారి ఉంది. వెనక రెండు టైర్లు మార్చే రోజున కొత్తవి రెండు వెనక వేయించి, తీసిన వాటిలో మంచిదాన్ని స్టెప్నీగా పెట్టుకోండి. మంచిది అంటే ట్రెడ్ (నేలకు ఆనే గాడుల భాగం) లోతు కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు మిగిలి ఉండాలి, పక్కగోడ మీద కోత గానీ ఉబ్బు గానీ ఉండకూడదు. నాలుగు చక్రాల బండ్లకు చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ గాడుల అడుగున ఉండే చిన్న రబ్బరు గట్లు దానికే గుర్తు. టైరు ఆ గట్ల వరకూ అరిగే దాకా ఆగకుండా, ఇంకా సత్తువ ఉండగానే మార్చాలి. అప్పుడే మీకు పనికొచ్చే స్టెప్నీ మిగులుతుంది.

డిస్కు నుంచి విప్పిన టైరును లోపలి నుంచి కూడా చూడండి. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరుకు లోపల పక్కగోడ చుట్టూ నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది, దారాలు నలిగి ఉంటాయి. పైకి ఎంత బాగున్నా అది పనికిరాదు. రీట్రెడ్ చేసిన టైరు, అంటే పాతదాని మీద కొత్త ట్రెడ్ అతికించినది, స్టెప్నీగా వద్దనే అంటాను. స్టెప్నీ ముందు చక్రానికి కూడా వేయవలసి రావచ్చు. అక్కడ ట్రెడ్ ఊడితే స్టీరింగు అదుపు తప్పుతుంది.

వయసు కూడా చూడాలి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివరన నాలుగు అంకెలుంటాయి. 3524 అంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైనట్టు. ఆ అంకెలు టైరుకు ఒక పక్కనే ఉండవచ్చు, కాబట్టి కనిపించకపోతే తిప్పి చూడండి. వాడినా వాడకపోయినా రబ్బరు ముదురుతుంది. రామగుండం, రెంటచింతల ఎండలు కాసే చోట, బండి కింద సైలెన్సరు వేడికి దగ్గరగా వేలాడే టైరు ఇంకా త్వరగా గట్టిపడి పగుళ్లు పడుతుంది. పదేళ్లకు మించి ఏ టైరూ వాడవద్దని పెద్ద కంపెనీలే చెబుతాయి. లోడు బండి స్టెప్నీకి నేనైతే ఆరేళ్లే హద్దుగా పెడతాను. కొత్తది కొనేటప్పుడు పక్కగోడ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూసి, బిల్లు అడిగి తీసుకోండి.

డిస్కు విషయం

టైరు ఒక్కటే ఉంటే స్టెప్నీ కాదు, డిస్కు సరిపోవాలి. బోల్టుల సంఖ్య, బోల్టుల వలయం వ్యాసం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (బండికి ఆనే ముఖం డిస్కు వెడల్పు నడిమికి ఎంత ఇటు అటుగా ఉందన్న కొలత) — ఈ నాలుగూ కలవాలి. టయోటా హైలక్స్‌కు, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్‌కు బోల్టులు ఆరే, వలయమూ 139.7 మిల్లీమీటర్లే. అంత మాత్రాన ఒకదాని డిస్కు రెండోదానికి సరిగ్గా కూర్చుంటుందని కాదు. మధ్య రంధ్రం తేడా ఉంటే డిస్కు హబ్ (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) మీద నడిమిన నిలవదు. ఆఫ్‌సెట్ తేడా ఉంటే టైరు లోపల బ్రేకుకో, కమాను పట్టీలకో రాసుకుంటుంది.

పాత ఇనుప డిస్కు కొంటే నేల మీద నిలబెట్టి దొర్లించి చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. బోల్టు రంధ్రాలు సాగి కోలగా మారినా, వాటి చుట్టూ వెంట్రుక వాసి పగులు కనిపించినా వదిలేయండి. వెల్డింగ్ చేసిన డిస్కును లోడు బండికి వాడకూడదు. ట్యూబు టైరు కోసం చేసిన డిస్కుకు ట్యూబ్‌లెస్ టైరు ఎక్కించకూడదు; గాలి నిలవదు, టైరు అంచు జారే ప్రమాదం ఉంది.

బండికి అల్లాయ్ చక్రాలు వేయించినవారు ఇంకో సంగతి గమనించాలి. కొన్ని అల్లాయ్‌ల నట్లకు అడుగు భాగం చదునుగా, వాషరుతో ఉంటుంది. ఇనుప డిస్కుకు కావలసింది శంఖువు ఆకారపు నట్టు. ఆ నట్లతో ఇనుప స్టెప్నీ బిగిస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది గాని దారిలో వదులవుతుంది. స్టెప్నీకి తగిన నట్ల జత ఒకటి విడిగా సంచిలో పెట్టుకోండి.

ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూడండి

కొన్న రోజే చదును నేల మీద, ఖాళీ బండికి, పగటి వెలుతురులో ఈ పని చేయండి. స్టెప్నీని మొదట ముందు చక్రం స్థానంలో వేసి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడా తగలకూడదు. బ్రేకు కాలిపర్‌కూ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) చక్రం డిస్కుకూ మధ్య ఖాళీ ఉండాలి. తర్వాత వెనక వేసి చూడండి. రెండు చోట్లా నాలుగైదు కిలోమీటర్లు నడిపితే మంచిది.

ఈ ప్రయత్నంలోనే మీ పనిముట్ల సంగతి తేలుతుంది. బండితో వచ్చిన వీల్ పానా నట్టుకు వదులు లేకుండా పడుతోందా? జాకీ ఎంత బరువు ఎత్తగలదు? టైరులో పూర్తిగా గాలి పోయి, లోడు మీద కిందికి దిగిన ఇరుసు కిందికి ఆ జాకీ దూరుతుందా? ఖాళీ బండికి దూరిన జాకీ నిండు బండికి దూరకపోవచ్చు. స్టెప్నీ బయటికి రావడం కూడా అంతే. వెనక టైరు నేలకు అంటినప్పుడు బంపరుకూ రోడ్డుకూ మధ్య ఖాళీ బాగా తగ్గుతుంది. దీనికోసం వెనక టైరు గాలి ఒకసారి తీసేసి కొలిచి చూడండి. ఇరుకుగా ఉంటే, మొదట వెనక ఇరుసును జాకీతో ఎత్తి, ఆ తర్వాతే స్టెప్నీ లాగాలని ముందే తెలుస్తుంది.

టైరు షాపులో గాలి గన్నుతో నట్లు బిగిస్తే, చివరి బిగింపు చేతి పానాతో చేయమని అడగండి. గన్నుతో అతిగా బిగించిన నట్టు రోడ్డు మీద మీ పానాకు లొంగదు. లాగి లాగి బోల్టే తెగవచ్చు.

బండి కింద బిగించడం

చాలా పికప్‌లలో స్టెప్నీ తొట్టి కింద, వెనక భాగంలో, గొలుసుకో తీగకో వేలాడుతుంది. గొలుసు దించి, చివరనున్న పలకను డిస్కు మధ్య రంధ్రంలోంచి దూర్చి అడ్డంగా తిప్పి, సరిగ్గా నడిమిన కూర్చోబెట్టండి. చక్రం ఏ ముఖం కిందికి ఉండాలో బండి పుస్తకంలో చూడండి. రెండు రకాలుగానూ కుదిరే బండి అయితే వాల్వు కిందికి ఉంటే గాలి చూసుకోవడం సులువు. తిప్పుడు కడ్డీతో నెమ్మదిగా పైకి లాగుతూ, చక్రం సమంగా లేస్తోందో వంగి చూడండి. పైన ఆనిన తర్వాత కూడా గట్టిగా బిగించాలి. రెండు చేతులతో పట్టి ఊపితే చక్రం కదలకూడదు. కదిలితే గతుకుల్లో ఊగి ఊగి గొలుసు తెగుతుంది. వెనక వచ్చే బైకు ముందు దొర్లే చక్రం ఒక మనిషి ప్రాణం తీయగలదు.

సైలెన్సరుకు, బ్రేకు గొట్టాలకు, ప్రొపెల్లర్ షాఫ్టుకు (ఇంజను శక్తిని వెనక ఇరుసుకు చేర్చే తిరిగే కడ్డీ) టైరు తగలకుండా ఉందో చూడండి. మునుపటి కంటే వెడల్పు టైరు తీసుకుని ఉంటే ఈ చోటే ఇబ్బంది వస్తుంది. గొలుసుకు, తిప్పే పళ్ల చక్రానికి వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గ్రీజు పెట్టండి. నల్లరేగడి బురద పట్టి ఎండితే ఆ యంత్రం రాయిలా బిగుసుకుపోతుంది. లారీ అడ్డాల్లో రాత్రిళ్లు బండి నిలిపేవారు చిన్న తాళం వేయడం మంచిది.

గాలి మాత్రం వెనక చక్రానికి నిండు లోడు మీద చెప్పిన అంకె వరకూ పట్టించండి. రోడ్డు మీద ముందు చక్రానికి వేయాల్సి వస్తే కొంత వదలవచ్చు, పట్టడం మాత్రం కుదరదు. నెలకోసారి మిగతా చక్రాలతో పాటు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. గాలి పట్టేవారు నాలుగు చక్రాలకూ పట్టి గొట్టం చుట్టేస్తారు. ఐదోదానికి కూడా పట్టమని మీరే అడగాలి.

రోడ్డు మీద మార్చవలసి వస్తే

టైరు పోయిందని తెలియగానే గట్టిగా బ్రేకు వేయకండి. స్టీరింగు తిన్నగా పట్టుకుని, వేగం తగ్గనిచ్చి, రోడ్డు దిగి గట్టి నేల మీద ఆపండి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, ఎర్ర త్రిభుజాన్ని కనీసం యాభై మీటర్లు వెనక పెట్టండి. హైవే మీద ఇంకా దూరం పెట్టాలి. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు వేసి, మార్చే చక్రానికి మూలగా ఎదురున్న చక్రానికి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. మనుషులందరినీ బండి దించండి, సరుకు మీద కూర్చున్న కూలీలను కూడా.

బండిని ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే, నట్లను పావు చుట్టు వదులు చేయండి. పాత జీపుల్లో ఎడమ పక్క చక్రాలకు ఎదురు మరలు ఉంటాయి. అలాంటి బండి అయితే తిప్పే దిక్కు మారుతుంది. జాకీ కింద మందమైన చెక్క పలక వేయండి. దాన్ని పుస్తకంలో చూపిన చోటే పెట్టండి. వెనక అయితే సాధారణంగా ఇరుసు గొట్టం కింద, కమాను పట్టీకి దగ్గరగా ఉంటుంది. మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ కింద పెడితే బండి పక్కకు ఒరగవచ్చు. జాకీ మీద ఉన్న బండి కిందికి చేయి తప్ప తల, భుజం పోనివ్వకండి. తీసిన చక్రాన్ని బండి అంచు కిందికి పడుకోబెడితే, జాకీ జారినా కాస్త ఆధారం ఉంటుంది.

హబ్ ముఖం మీద తుప్పు, మట్టి ఉంటే గుడ్డతో తుడిచి స్టెప్నీ ఎక్కించండి. మరలకు నూనె, గ్రీజు రాయకండి. నట్లన్నీ చేతితో తిప్పి, తర్వాత పానాతో ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకదాని పక్కది వరుసగా బిగిస్తే డిస్కు ఒక వైపు లేచి కూర్చుంటుంది. బండి దించాక పూర్తి బలంతో ఇంకోసారి, అదే వరుసలో బిగించండి. పానా మీద ఎక్కి నిలబడకండి, చేతి బలం చాలు.

బయలుదేరేముందు త్రిభుజంతో పాటు, గుర్తుగా పెట్టిన రాళ్లు, చెట్టు కొమ్మలు కూడా తప్పకుండా తీసేయండి. మీరు వెళ్లిపోయాక చీకట్లో వాటికి తగిలి పడేది వెనక వచ్చే బైకు మనిషి.

యాభై కిలోమీటర్లు నడిచాక ఆపి, నట్లు ఇంకోసారి పానా పెట్టి చూడండి. కొత్తగా వేసిన చక్రానికి అవి కొద్దిగా కూర్చుని వదులవుతాయి. పంక్చరయిన చక్రాన్ని సరుకు దించిన ఊళ్లోనే బాగు చేయించండి. తిరుగు ప్రయాణం ఖాళీ బండితోనే కదా అని స్టెప్నీ లేకుండా బయలుదేరకండి.